పాస్టరుగారు రాని ఆదివారాల్లో ఆరాధన నడిపించమన్నారు: మన పని ఎంతవరకు, ఎక్కడ ఆగాలి?

చంపావతి ఒడ్డు (విజయనగరం జిల్లా)

అందరికీ వందనములు. నెల్లిమర్లకు దగ్గరలోని ఒక పల్లెలో ఉంటాను, ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మా పాస్టరేటులో ఐదు గుళ్లు ఉన్నాయి, అయ్యగారు మాత్రం ఒక్కరే. ఆయన నెలలో రెండో ఆదివారం మా గుడికి వచ్చి ప్రభు భోజన సంస్కారం (బల్ల మీది రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన) జరిగిస్తారు. తక్కిన ఆదివారాల్లో ఇంతకాలం ఎవరో ఒకరు కీర్తన ఎత్తుకోవడం, ఒక అధ్యాయం చదవడం, ప్రార్థన చేసి ఇళ్లకు వెళ్లిపోవడం, అంతే జరుగుతోంది.

పోయిన వారం అయ్యగారు నన్నూ, స్త్రీల మైత్రిలో ఉన్న ఒక అక్కనూ పిలిచి, ఇకమీదట ఆ ఆదివారాల ఆరాధన క్రమాన్ని మీరిద్దరే వంతులవారీగా నడిపించాలి, వాక్యం కూడా చెప్పాలి అన్నారు. పద్దెనిమిదేళ్లుగా సండే స్కూలు చూస్తున్నాను కాబట్టి పిల్లలకు చెప్పడం అలవాటే. అయినా ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంఘ పెద్దల్లో ఒకాయన మరునాడే ఇంటికి వచ్చి, "అభిషేకం లేనివాడు పుల్పిట్ ఎక్కితే రేపు బల్ల దగ్గర కూడా నిలబడతాడు" అని నెమ్మదిగానే చెప్పి వెళ్లారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన భయం నాకూ ఉంది.

నేను అడిగేది ఇది. ఆంగ్లికన్ సంప్రదాయంలో (మన సి.ఎస్.ఐ.కి ఒక మూలం అదే కదా) అభిషేకం పొందని, అంటే పాస్టరుగా నియమితుడు కాని, విశ్వాసి ఏ సేవలు చేయవచ్చు? క్షమాపణ వాక్యం, ఆశీర్వాద వచనం వచ్చినప్పుడు నేనేం చేయాలి? మంచం పట్టిన వాళ్లకు బల్ల మీది రొట్టె మేము తీసుకువెళ్లవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

టెక్కలి వారి అబ్బాయి (ప్రస్తుతం ఇంగ్లండు)

అన్నగారూ, వందనములు. మాది టెక్కలి వైపు. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉంటూ, మా పారిష్‌లో రీడర్‌గా సేవ చేస్తున్నాను. ఇప్పుడు చాలా డయోసిస్‌లలో (ఒక్కొక్క బిషప్ పరిధిలోని ప్రాంతాల్లో) ఈ పదవిని లైసెన్స్‌డ్ లే మినిస్టర్ అంటున్నారు. నాకు తెలిసిన క్రమం చెబుతాను. ఇక్కడి నియమం అక్కడ అచ్చంగా వర్తించదు కానీ, మూలం ఒకటే కాబట్టి మీకు పనికొస్తుంది.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండులో రీడర్ పదవిని 1866లో ఆరోహణ దినాన లాంబెత్ ప్యాలెస్‌లో సమావేశమైన బిషప్పులు తిరిగి నిలబెట్టారు. స్త్రీలకు ఆ తలుపు 1969లో గానీ తెరుచుకోలేదు. రీడర్ తనంతట తాను కారు. పాస్టరు, పారిష్ కమిటీ పేరు సూచించాలి, డయోసిస్ పరీక్షించాలి, కొన్నేళ్లు చదువుకోవాలి, ఆ తర్వాత బిషప్ చేతిలో లైసెన్సు పెడతారు. తెల్లంగీ మీద నీలం రంగు స్కార్ఫ్ వేసుకుంటాము. ఆ నీలం చూడగానే ఈయన ప్రీస్ట్ (అభిషేకం పొందిన పాస్టరు) కాదని సంఘానికి తెలిసిపోతుంది. అది మా గుర్తే గాక, మా హద్దు కూడా.

ఉదయ సాయంకాల ప్రార్థనలు నడిపించడం, వాక్యం బోధించడం, బిషప్ అనుమతితో, కుటుంబం ఇష్టపడితే భూస్థాపన జరిగించడం, సంస్కార సమయంలో రొట్టె, పాత్ర అందించడం మా పనులు. మేము చేయనివి మూడు. సంస్కారానికి అధ్యక్షత వహించము, పాపక్షమాపణ ప్రకటించము, ఆశీర్వాదం పలకము.

మీరు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ఉదయ ప్రార్థన మధ్య వచ్చే క్షమాపణ వాక్యాన్ని ప్రీస్ట్ ఒక్కరే, నిలబడి పలకాలని స్పష్టంగా రాసి ఉంది. రీడర్ నడిపిస్తే ఆ చోట త్రిత్వ ఆదివారం తర్వాత వచ్చే 21వ ఆదివారపు ప్రార్థనను చదవడం మా ఆనవాయితీ. క్షమాపణనూ సమాధానాన్నీ దయచేయమని దేవుణ్ణి వేడుకునే ప్రార్థన అది. ఇచ్చే మాట అడిగే మాటగా మారుతుంది. అలాగే ముగింపులో కృపావచనం వస్తుంది కదా, పౌలు కొరింథీయులకు రాసిన చోట "మీకందరికిని తోడై యుండును గాక" అని ఉన్నది. ప్రార్థన పుస్తకం కూర్చినవారే దాన్ని "మనకందరికిని" అని మార్చుకున్నారు. అందువల్ల దాన్ని ఎవరైనా చెప్పవచ్చు.

ఉపదేశిగారి మనవడు (శ్రీకాకుళం)

టెక్కలి తమ్ముడు చెప్పిన చివరి మాట మీద కొంచెం ఆగాలనిపిస్తోంది. ఇంగ్లీషులో "మన", "మా" రెండింటికీ ఒకే మాట సరిపోతుంది. తెలుగులో "మన" వేరు, "మా" వేరు. సంఘం వైపు తిరిగి మాట్లాడితే "దేవుడు మన పాపములను క్షమించును గాక" అనాలి. దేవుని వైపు తిరిగితే "మా పాపములను క్షమించుము" అనాలి. కాబట్టి చంపావతి గారూ, ఆ చోటికి వచ్చినప్పుడు మీ ముఖం ఎటు ఉందో ముందు చూసుకోండి, మాట దాన్నిబట్టి వస్తుంది. మా తాతగారు క్షమాపణ చోట సంఘానికి వీపు పెట్టి, బల్ల వైపు తిరిగి, మోకాళ్లు వేసి, అందరితో కలిసి "మా" అనేవారట. ఆయన దీన్ని ఎక్కడా చదివి నేర్చుకోలేదు, ఆయన గురువుగారు (అప్పటి పాస్టరు) అలా చేయించారు.

తాతగారు కృష్ణా జిల్లా పల్లెల్లో ఉపదేశి. పగలు బడిపంతులు, చీకటి పడ్డాక ప్రార్థన నడిపేవారు. ఆయన చేతిపుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. సిరా పాలిపోయింది. ఒక్కొక్క ఇంటి పేరు, పక్కన చిన్న గళ్లు: ఎవరు ఆరాధనకు వచ్చారు, ఎవరికి జ్వరం, ఎవరు కన్ఫర్మేషన్ (విశ్వాస స్థిరీకరణ) పాఠాలు ఎంతవరకు అప్పజెప్పారు, ఎవరి ఇంటి నుంచి పిడికెడు బియ్యం కానుక ఎన్ని సోలలు వచ్చాయి. ఒక పేజీలో ఒక పిల్లవాడి పేరు కొట్టేసి, "నిద్రపోయెను" అని మాత్రమే రాసి, ఆ వారం తక్కిన గళ్లన్నీ ఖాళీగా వదిలేశారు. గురువుగారు ఆ ఊరికి మూడు నెలలకొకసారి వచ్చేవారని అదే పుస్తకంలో తేదీలు చెబుతున్నాయి. మిగిలిన రోజుల్లో ఆ సంఘానికి కాపరి ఎవరో నేను వేరే చెప్పనక్కరలేదు.

మన తెలుగు ఆంగ్లికన్ సంఘం పుట్టిందే ఇలాంటివారి చేతుల్లో. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది దోర్నకల్‌కు వచ్చిన వి.ఎస్. అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్, అంతకుముందు ఎన్నో ఏళ్లు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసిన సామాన్య విశ్వాసి. 1909లో గానీ ఆయనకు పాస్టరుగా అభిషేకం జరగలేదు. బాప్తిస్మం పొందేవాళ్ల చేత తల మీద చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారని ఆయన గురించి చెబుతారు. అంటే బాప్తిస్మంతోనే పని అప్పగించడం. మా తాతగారి తరం ఆ మాట మీదే బతికింది.

గంటస్తంభం వాసి (విజయనగరం)

నా వయసు డెబ్బై దాటింది. పాస్టరేట్ కమిటీలో చాలాకాలం కోశాధికారిగా ఉన్నాను. పై ముగ్గురి మాటల్లోనూ ప్రేమ ఉంది, కాదనను. అయితే చంపావతి గారి ఇంటికి వచ్చి మాట్లాడిన ఆ పెద్దాయన తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి.

ఆంగ్లికన్ల విశ్వాస సూత్రాలైన ముప్పై తొమ్మిది ఆర్టికల్స్‌లో 23వది ఏమంటుందంటే, సంఘంలో బహిరంగంగా బోధించే పనిని గానీ, సంస్కారాలు జరిగించే పనిని గానీ, న్యాయబద్ధంగా పిలిచి పంపకుండా ఏ మనిషీ తనంతట తాను తీసుకోకూడదు. అందులో అభిషేకం అన్న మాట లేదు, పిలవడం, పంపడం అన్న మాటలు ఉన్నాయి. కాబట్టి విశ్వాసి బోధించకూడదని నేను అనను. పంపినవారెవరు అని మాత్రం అడుగుతాను.

ఎందుకు అడుగుతున్నానంటే, నేను కళ్లారా చూశాను. ఒక పాస్టరేటులో అయ్యగారు బదిలీ అయి, కొత్తవారు వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఆ మధ్యకాలంలో మంచి గొంతు, మంచి మాట ఉన్న ఒక సోదరుడు ఆరాధన నడిపించడం మొదలుపెట్టాడు. ఎవరూ ఉత్తరం ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. మొదటి ఏడాది అందరం సంతోషించాం. రెండో ఏడాది కానుకల సంచి ఆయన ఇంటికి వెళ్లింది. మూడో ఏడాది బాప్తిస్మాలు ఆయనే ఇచ్చాడు. నాలుగో ఏట కొత్త అయ్యగారు వస్తే గుడి తాళం ఆయన చేతిలో ఉంది, సంఘంలో సగం ఆయన వెనుక ఉంది. ఆ గుడి తలుపు ముందు నిలబడి నేనూ, నా తోటి కమిటీ సభ్యులూ పోలీసుల ఎదుట మా గుడి మాదని చెప్పుకోవలసి వచ్చింది. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ తిండి సహించదు. ఆ సోదరుడు చెడ్డవాడని నేను నేటికీ అనను. అతనికి హద్దు గీసి ఇవ్వని తప్పు మాది.

ఇంకొక మాట. పెళ్లి జోలికి మాత్రం పోకండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారం లేనివారు పెళ్లి జరిపిస్తే అది శిక్షార్హమైన నేరం. ప్రేమకొద్దీ చేశామంటే కోర్టు వినదు.

నాగావళి తీరం (శ్రీకాకుళం)

పెద్దయ్యగారి బాధ అర్థమైంది. తాళం విషయం ఆయన చెప్పినంత గట్టిగా నేనూ నమ్ముతాను. కానీ ఇంతవరకూ అందరూ పుల్పిట్ గురించే మాట్లాడారు. అభిషేకం పొందని వారి సేవలో పుల్పిట్ వాటా చాలా చిన్నది.

మా నాయనమ్మ బైబిల్ ఉమన్. మగ ఉపదేశికి గడప దాటి లోపలికి వెళ్లే వీలు లేని ఇళ్లకు ఆమె వెళ్లేది. చేట పట్టుకుని బియ్యం ఏరుతున్న ఆడవాళ్ల పక్కన కూర్చుని, తానూ ఏరుతూ, ఒక్క వచనం చెప్పి, మరుసటి వారం వచ్చి ఆ వచనం అప్పజెప్పించుకునేది. చదువు రాని వాళ్లు ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకున్నారు. ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ సేవకుల వరుసలో లేదు. ఇంగ్లండులో మేరీ సమ్నర్ అనే పాస్టరుగారి భార్య 1876లో తన పారిష్ తల్లులను కూర్చోబెట్టి మొదలుపెట్టిన మదర్స్ యూనియన్ గురించి అందరికీ తెలుసు. అదంతా అభిషేకం లేని ఆడవాళ్ల పనే. మన సి.ఎస్.ఐ.లో స్త్రీకి మొదటి అభిషేకం 1976లో జరిగింది, నంద్యాలలో 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సంతోషమే. కానీ ఆ రెండు తేదీలకు ముందు సంఘాన్ని మోసిన ఆడవాళ్లను ఏమని పిలవాలి?

నేను నర్సును. ఒక రాత్రి పసిబిడ్డల వార్డులో ఒక తల్లి నా చేయి పట్టుకుని, అమ్మా, పాపకు బాప్తిస్మం ఇప్పించండి అంది. బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయి. అయ్యగారు రావాలంటే గంట పడుతుంది, ఆ గంట మా చేతుల్లో లేదు. అత్యవసర పరిస్థితిలో బాప్తిస్మం పొందిన ఏ క్రైస్తవుడైనా బాప్తిస్మం ఇవ్వవచ్చని ఆంగ్లికన్ సంప్రదాయం ఒప్పుకుంటుంది. నాకు కన్ఫర్మేషన్ పాఠాల్లో అది చెప్పారు, కానీ ఆ క్షణం వరకు అది నాకోసం చెప్పిన మాట అనుకోలేదు. గాజు కప్పులో నీళ్లు పోసి, బిడ్డ పేరు అడిగి, తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములో అని మూడుసార్లు నీళ్లు పోశాను. తెల్లవారి అయ్యగారికి ఫోన్ చేసి చెబితే, ఆయన తారీఖు, సమయం, నా పేరు, తల్లిదండ్రుల పేర్లు రిజిస్టరులో ఎక్కించారు. బిడ్డ బతికింది. తరువాత ఆ తల్లిదండ్రులు పాపను గుడికి తెస్తే మళ్లీ బాప్తిస్మం ఇవ్వలేదు. అయ్యగారు సంఘం ఎదుట చేర్చుకున్నారు, అంతే. చెల్లదని ఒక్కరూ అనలేదు.

చంపావతి ఒడ్డు

అక్కా, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. పెద్దయ్యగారూ, మీరు అడిగిన ప్రశ్న ఈ రోజే మా అయ్యగారిని అడిగాను, పంపేది ఎవరండీ అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. బిషప్ ఆఫీసుకు రాస్తానన్నారు. రొట్టె సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. మా సంఘంలో ఏడుగురు మంచం మీద ఉన్నారు.

వేదాంత విద్యార్థి

రొట్టె సంగతి నేను చెబుతాను. సి.ఎస్.ఐ.లో ప్రభు భోజనానికి ప్రెస్బిటరో (అభిషేకం పొందిన పాస్టరు) బిషప్పో అధ్యక్షత వహించాలి, అందులో సందేహం లేదు. అయితే బల్ల దగ్గర ప్రతిష్ఠించిన రొట్టెను, రసాన్ని బలహీనుల ఇళ్లకు తీసుకువెళ్లడం వేరే సంగతి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండులో దీన్ని మరికాస్త ముందుకు తీసుకువెళ్లి, ఒక గుడిలో ప్రతిష్ఠించినది మరో గుడికి తీసుకువెళ్లి, బిషప్ అనుమతి పొందిన విశ్వాసి ఆ సంఘానికి అందించే ఆరాధన క్రమాన్ని 2001లో అనుమతించారు. మీ దగ్గర అయ్యగారు వచ్చే రెండో ఆదివారం ఆరాధన అయిన వెంటనే, అదే బల్ల నుంచి, అదే పూట, మీరూ ఆ అక్కా ఆ ఏడు ఇళ్లకు వెళ్లేలా అనుమతి అడగండి. ఇంట్లో దాచి మరునాడు తీసుకువెళ్లే పద్ధతి మాత్రం వద్దు. గుడిలో బల్ల చుట్టూ ఉన్నవాళ్లూ మంచం మీద ఉన్నవాళ్లూ ఒకే భోజనంలో ఉన్నారన్నది కళ్లకు కనిపించాలి.

అధ్యక్షత కూడా విశ్వాసులకు ఇవ్వాలన్న వాదం లేకపోలేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ డయోసిస్ దాని కోసం చాలాకాలం పట్టుబట్టింది. 1999లో వారి సినడ్ (డయోసిస్ సభ) ఆమోదించినా, అప్పటి ఆర్చిబిషప్ సమ్మతి ఇవ్వలేదు. మన దగ్గరా ఈ ప్రశ్న ఉంది. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యత మాటలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ.గా ముగియడానికి పట్టిన ఇరవై ఎనిమిదేళ్లలో, సేవకు అధికారం ఎక్కడి నుంచి వస్తుందన్నదే అన్నిటికన్నా పెద్ద చిక్కు. ఆంగ్లికన్ల బిషప్ పరంపర ఒక వైపు, మెథడిస్టుల స్థానిక బోధకులు ఒక వైపు, సంఘమే అధికారమనే కాంగ్రిగేషనల్ వారు ఒక వైపు. విశ్వాసి బోధించడం మన సి.ఎస్.ఐ.కి ఇంగ్లండు నుంచి నిన్న మొన్న దిగుమతి అయినది కాదు, మెథడిస్టు పాయలో మొదటినుంచీ ఉన్నదే.

మాట విషయం కూడా ఒకటి. ఇంగ్లీషులో లే అన్న పదం గ్రీకు లావోస్ నుంచి వచ్చింది, ప్రజ అని అర్థం, బైబిల్లో దేవుని ప్రజ. తెలుగులో దాన్ని "లౌకికులు" అని రాయడం చూస్తుంటాను. అది పెద్ద పొరపాటు. లౌకికుడు అంటే లోకం పనుల్లో మునిగినవాడని మనవాళ్లకు వినబడుతుంది. "రాజులైన యాజక సమూహము" అని పేతురు ఎవరిని పిలిచాడో వాళ్లనే మనం లౌకికులని పిలిస్తే ఎలా? అందుకే నేను విశ్వాసి అనే అంటాను.

బొబ్బిలి బాప్టిస్టు

బయటివాణ్ణి మధ్యలో మాట్లాడుతున్నందుకు మన్నించండి. మన ఉమ్మడి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కెనడా మిషను వల్ల మా బాప్టిస్టులే ఎక్కువ, సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్లు ఉన్నారు. మా దగ్గర సంఘం ఎన్నుకున్న డీకన్లు బల్ల దగ్గర అందిస్తారు, బోధిస్తారు, వారు ఉద్యోగస్తులు, రైతులు, దుకాణదారులు. కాబట్టి మీ చర్చ చదువుతుంటే, ఇంత చిన్న విషయానికి ఇన్ని ఉత్తరాలు ఎందుకా అని మొదట అనిపించింది. గంటస్తంభం పెద్దాయన రాసింది చదివాక అలా అనిపించలేదు. తాళం గొడవ మా దగ్గరా జరిగింది. సంఘం ఎన్నుకున్నంత మాత్రాన హద్దు అక్కర్లేకుండా పోదు.

ఉపదేశిగారి మనవడు

బొబ్బిలి సోదరునికి వందనములు. మీ వాళ్లకంటే ముందే, 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషను వారు క్రాన్, డెస్ గ్రేంజెస్ గార్లు, తెలుగులోకి సువార్తలు తేవడానికి ఆనందరాయర్ అనే విశ్వాసి మీద ఆధారపడ్డారు. మన ఉత్తర కోస్తాలో తెలుగు వాక్యం అచ్చుకు చేరిన దారిలో మొదటి అడుగు అభిషేకం లేని వ్యక్తిది కూడా. వారు ఆంగ్లికన్లు కారు, నిజమే. కానీ విజయనగరం కంటోన్మెంటు లాంటి చోట్ల ఆంగ్లికన్ల పద్ధతి కూడా ఇంతకు భిన్నం కాదు. కంపెనీ కాలంలో చాప్లిన్ (కంపెనీ నియమించిన పాస్టరు) లేని స్టేషన్లలో ఆదివారం ప్రార్థన పుస్తకం తెరిచి చదివింది ఏ కలెక్టరో, ఏ సైనికాధికారో.

టెక్కలి వారి అబ్బాయి

వేదాంత విద్యార్థి గారు చెప్పిన దానికి ఒకటి జోడిస్తాను. మన చర్చలో విశ్వాసి అంటే పాస్టరు లేని చోట నిలబడే మనిషి అన్నట్టు వస్తోంది. నేను చేసే సేవ అలాంటిది కాదు. మా పారిష్‌కు వికార్ (పాస్టరు) ఉన్నారు, ఆయన ప్రతి ఆదివారం ఉంటారు, అయినా నేను నెలకు రెండుసార్లు వాక్యం చెబుతాను. ఎందుకంటే వారమంతా గోదాములో లెక్కలు చూసే మనిషి ఆ వాక్యాన్ని ఎలా చదువుతాడో సంఘం వినాలి. ప్రపంచంలో ఇంకో చివర సాలమన్ దీవుల్లో 1925లో ఇని కొపూరియా అనే మాజీ పోలీసు మొదలుపెట్టిన మెలనేసియన్ బ్రదర్‌హుడ్ ఉంది. వాళ్లలో అత్యధికులు ప్రీస్టులు కారు, కొన్నేళ్ల కాలానికి మొక్కు పెట్టుకుని పల్లెపల్లెకూ తిరుగుతారు. 2003లో వాళ్లలో ఏడుగురు అక్కడి అంతర్యుద్ధ కాలపు సమాధాన ప్రయత్నంలో ప్రాణాలు ఇచ్చారు. వాళ్లను ఎవరి లోటు తీర్చడానికి వచ్చినవారని అంటాం?

ఇక చదువు సంగతి. నా మొదటి ప్రసంగం వినడానికి మా వికార్, ఇంకో ఇద్దరు వచ్చారు. మరునాడు కూర్చోబెట్టి, "నువ్వు ఎనిమిది విషయాలు చెప్పావు, వాళ్లు ఏది ఇంటికి తీసుకువెళ్లారనుకుంటున్నావు?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న నన్ను మూడేళ్ల చదువుకన్నా ఎక్కువ దిద్దింది. ఇక పిల్లల భద్రత గురించిన తరగతులు, పోలీసు రికార్డు తనిఖీ పూర్తికాకుండా మాకు ఏ సేవా అప్పగించరు. మన దగ్గర ఇది ఇంకా అలవాటు కాలేదు, కావాలి.

గంటస్తంభం వాసి

తమ్ముడూ, విశ్వాసి సేవ లోటు తీర్చే సేవ కాదన్నావు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. కానీ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఉచితంగా చేసే విశ్వాసులు దొరికారు కదా అని ఖాళీ పోస్టులు నింపకుండా వదిలేసే ఏర్పాటుకు ఇది దారి కాకూడదు. ఐదు గుళ్లకు ఒక అయ్యగారు అన్నది అనుకూలంగా తయారైన ఏర్పాటు కాదు, అది సమస్య. చంపావతి గారు చేసే మంచి పని ఆ సమస్యను కప్పిపెట్టకూడదు.

ఇక పాస్టరేట్ కమిటీలో తీర్మానం రాసేటప్పుడు నాకు తోచినవి. అనుమతి ఎంతకాలానికో తేదీలతో రాయించండి, ఏడాది చాలు, మళ్లీ చూసుకోవచ్చు. చేయవలసిన పనులే కాదు, చేయకూడనివి కూడా రాయించండి. వాక్యం చెప్పేవారి చేతిలో తాళం, కానుకలు రెండూ ఉండకూడదు. కానుకలు ఇద్దరు లెక్కపెట్టి, సంతకాలు చేసి, అదే రోజు కోశాధికారికి ఇవ్వాలి. ఈ తీర్మానాన్ని సంఘం అంతటి ఎదుట ఒకసారి చదవాలి. ఎదుట చదవడం అన్నిటికన్నా ముఖ్యం. ఆ రోజు మాకు అదే లేకపోయింది.

నాగావళి తీరం

పెద్దయ్యగారి తీర్మానంలో ఒక వాక్యం చేర్చండి. ఇద్దరి పేర్లూ సమానంగా రాయండి. అక్క పేరు "సహాయకురాలు" అని రాస్తే నాకు బాధగా ఉంటుంది.

చంపావతి ఒడ్డు

ఆరు వారాలైంది, ఆలస్యానికి మన్నించండి. బిషప్ గారి ఉత్తరం వచ్చింది, ఏడాదికి, ఇద్దరి పేర్లూ ఒకే వరుసలో. అయ్యగారు సంఘం ఎదుట చదివారు. చేయకూడని పనులు చదువుతున్నప్పుడు నా ఇంటికి వచ్చిన ఆ పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం చూశాను. ఆరాధన అయ్యాక వచ్చి నా భుజం మీద చేయి వేసి, "ఇప్పుడు ఎక్కు" అన్నారు. గుడి తాళం ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది.

మొదటి ఆదివారం నేను పుల్పిట్ ఎక్కలేదు. వాక్యం చదివే బల్ల దగ్గరే నిలబడ్డాను. అయ్యగారి కుర్చీ ఖాళీగా ఉంచాం. ఒప్పుకోలు ప్రార్థన అయ్యాక మనవడుగారు చెప్పినట్టు బల్ల వైపు తిరిగి మోకాళ్లు వేశాను, "మా" అన్నాను. నా వెనక ఎనభై మంది అదే మాట అంటుంటే, ఎన్నడూ వినని మాట విన్నట్టు అనిపించింది. వాక్యంలో ఒకే సంగతి చెప్పాలని టెక్కలి తమ్ముడు రాసినది గుర్తుపెట్టుకుని ఐదు సంగతుల్లో నాలుగు ఇంట్లోనే వదిలేశాను.

రెండో ఆదివారం సంస్కారం తర్వాత అక్క, నేను ఏడు ఇళ్లకూ వెళ్లాం. మూడో ఇంట్లో ఒక తాత ఎనిమిది నెలలుగా గుడి ముఖం చూడలేదు. రొట్టె చేతిలో పెడితే, ఈ ఆదివారానిదేనా అని అడిగాడు. ఇప్పుడే, అదే బల్ల మీదిదే అంది అక్క. అప్పుడు తిన్నాడు.

ఆరో ఇంట్లో ఒక ముసలమ్మ, ప్రార్థన అయ్యాక తల వంచి, "ఆశీర్వదించండి బాబూ" అంది. నేను ఒక్క క్షణం చేయి ఎత్తబోయాను. మళ్లీ దించుకుని, ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని, నాయనమ్మా, ఇద్దరం కలిసి అడుగుదాం అన్నాను. ఆమె తన చేయి నా తల మీద పెట్టింది. కృపావచనం ఇద్దరం కలిసే చెప్పుకున్నాం, "మనకందరికిని" అని.

వచ్చే ఆదివారం అక్క వంతు. ఆమె లూకా పదో అధ్యాయం తీసుకుంది, మార్త మరియల భాగం. బుధవారం సాయంత్రం మా ఇంట్లో కూర్చుని ఇద్దరం కలిసి చదవబోతున్నాం. ఎవరికైనా ఆ భాగం మీద చెప్పాలనిపిస్తే దయచేసి ఈలోగా రాయండి.